రెండు అతుకులు

దేవరకొండ బస్టాండు వెనక
నా వెల్డింగు షాపుకు పొద్దున్నించి ఒకటే గిరాకి.
గేట్లకు గాదు, గ్రిల్లులకు గాదు,
నల్లద్దానికి.
"దస్తగిరి మామా, ఒక్కసారియ్యవా,
వచ్చే అమాసకు సూర్యునికి గ్రహణమంట!"

ఇయ్య.
నాది పదకొండో నంబరు అద్దం.
చేతిల పుట్టే నిప్పుకు సరిపోతది,
పైనున్న నిప్పుకు పద్నాలుగు గావాలె.
పని నేర్సే కొత్తల, ఉస్తాదు కొట్టినా వినక
ఉత్త కండ్లతోని మంటను జూసినోన్ని.
రాత్రంతా రెప్పల కింద ఇసుక.
మా అమ్మ ఆలుగడ్డ చక్రాలు గోసి కండ్లమీద వెట్టి
నన్ను తిట్టి, ఉస్తాదును తిట్టి,
తెల్లారంగ ఏడ్సింది.
అది పైపొర గనుక మండింది, మానింది.
సూర్యుడు కాల్చేది లోపలి పొరను.
దానికి నొప్పి దెల్వదు.
నొప్పే లేని గాయానికి
ఏ అమ్మ ఏ ఆలుగడ్డ గోస్తది?

పక్క హోటల్ బుగ్గయ్య అప్పుడే
పెరుగు బకీట్ల మీదికి గరిక తెచ్చుకున్నడు.
ఇంకా పన్నెండు దినాలుంది, ఎండిపోతది గదనే అంటె
"గరికకు ఎండుడేంది?" అంటడు.
మా మసీదుల ఆ పూట వేరే నమాజుంది.
ఎవల భయం వాళ్లది, ఎవల మర్యాద వాళ్లది.

నా బిడ్డ మస్తాన్‌బీ ఎనిమిదో తరగతి.
"నాయినా, అమాస నెలనెలా వస్తది గదా,
గ్రహణం నెలనెలా ఎందుకు రాదు?"

నోటితోని జెప్పుడు నాకు రాదు.
ఆరెమ్మెం చువ్వలు రెండు వంచి చుట్లు జేసిన.
ఒకటి సూర్యుడు నడిచినట్టు కనవడే బాట,
ఒకటి చంద్రుని బాట.
ఒకదాంట్ల ఒకటి వెడితె
రెండూ ఒక్క మట్టం మీద లేవు,
అయిదు డిగ్రీలు వంకర.
నా పనిల అంత వంకరుంటె
గిరాకి గేటు తెచ్చి మొకాన కొడ్తడు.
ఆ వంకరతోనే
శానా అమాసలకు చంద్రుడు
సూర్యుని మీదికెల్లో కిందికెల్లో
ఎవ్వలికీ అడ్డం రాకుండ పోతడు.

చుట్లు రెండూ తాకేది రెండే జాగల.
ఆడొకటి ఈడొకటి అతుకులేసిన.
"అతుకు కాడికి ఇద్దరూ ఒక్కపాలి వచ్చిన్రా,
మనమీద నీడ వడ్తది.
పెద్దోళ్లు ఈ రెంటికే పేర్లు వెట్టిన్రు,
ఒకటి రాహువు, ఒకటి కేతువు.
పాములు గావు బిడ్డా, అతుకులు."

అతుకును ముట్టింది. సుర్రుమన్నది.
వేలు నోట్ల వెట్టుకొనే ఇంకోటి అడిగింది:
"అంత సూర్యున్ని ఇంత చంద్రుడెట్ల కప్పుతడు?"
వాషరు బిళ్ల కంటికి దగ్గర పట్టుమన్న.
ఎదురుంగ నీళ్ల ట్యాంకు మాయం.
సూర్యుడు నాలుగువందల రెట్లు పెద్దోడు,
నాలుగువందల రెట్లు దూరపోడు.
ఆ కొలత ఎవలు వెట్టిన్రో
నా టేపుకు అందదు.
ఈపాలి నడిమి నీడ మనది గాదు,
అది సముద్రాల అవుతల ఎవల ఊరి మీదికెల్లో పోతది.
మనకొచ్చేది అంచు నీడ,
రొట్టెను ఒక్క కొరుకు కొరికినంత.

పోరగాండ్లకు అద్దం లేదన్న గని
ఉత్త చేతులతోని తోలియ్యలే.
వీరమణి టీచరమ్మ బడికి గేటు జెప్పింది,
పడమటి దిక్కు గేటు, సాదా రేకు.
సాదాగ ఉండదు.
సన్నటి తూట్లు వొడుస్త, బిల్లుల రాయ.
ఆ సాయంత్రం పిల్లలు పొద్దుకు వీపు వెట్టి
నేలను జూడాలె.
తూటు మూలలున్నా, వంకరున్నా
కిందవడేది తూటు రూపం గాదు, సూర్యుని రూపం.
కొరికిన రొట్టెలు ఆకిలినిండ.
మబ్బు వడితె?
వడితె వడె. గేటు గేటే.

నలభయ్యో తూటుకు కరెంటు వోయింది.
రేకును దర్వాజకు అడ్డంగ నిలవెట్టిన.
మూడున్నర ఎండ దాంట్లకెల్లి దూరి
చీకటి షాపుల, మసి నేలమీద
నలభై గుండ్రటి సూర్యుళ్లు.
మస్తాన్‌బీ కూసోని
ఒకదాని మీద కాలిన వేలు వెట్టింది.

కాలలేదు.